అమరం వైపు నుంచి

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయుధాగారంలో లెక్క రాశాను.
పేల్చినవాళ్ళ పేర్లు గుర్తు లేవు,
తూటాల బరువులు గుర్తున్నాయి.

ఇప్పుడు శనివారాలు
కంబాలకొండ అవతల, మట్టిగట్టు ముందు
ఎన్‌సీసీ పిల్లలకి బోర్లా పడుకోవడం నేర్పుతాను.
మోచెయ్యి ఎక్కడ, చెంప ఎక్కడ,
ఊపిరి ఎక్కడ సగంలో వదిలెయ్యాలి.
జీడిమామిడి ఆకు చూసి గాలి చెప్పమంటాను.

మైలపల్లి నూకరత్నం ఆకు చూడదు.
"గాలి ఉప్పెక్కింది మాస్టారూ,
పదకొండుకి తిరిగిపోద్ది" అంటుంది.
తిరిగిపోతుంది.

ఓ రోజు తువ్వాలు పరిచి
మందు లేని ఉత్త తూటాలు నాలుగు పెట్టాను.
పాయింట్ టూటూ: ఈతగింజంత, మొద్దు ముక్కు,
గోరు నొక్కితే మచ్చపడే సీసం.
త్రీనాట్‌త్రీ: మొన సూది, వెనక కత్తిపీటతో తెగ్గోసినట్టు.
సెవెన్ సిక్స్‌టూ: సంపెంగ మొగ్గ.
నాలుగోది అదే లావు, కానీ ఇంకా పొడుగు,
వెనక్కి పోయేకొద్దీ సన్నం.

ఏది దూరం పోతుంది?
అందరి వేళ్ళూ మొనల మీదే తిరిగాయి.
ఈ పిల్ల నాలుగోదాన్ని తలకిందులుగా పట్టుకుని
దాని అడుగు బొటనవేలితో తడిమి
"దీని అమరం బాగుంది" అంది.

నవ్వారు.
ఆమె నవ్వలేదు.
"మా అయ్య పడవలు కడతాడు.
అణియం అందరూ చూస్తారు, రంగేస్తారు, కళ్ళు దిద్దుతారు.
నీరు ముందు కొట్టి ఊరుకోదు,
వెనక సుడి తిరిగి కొంగు పట్టుకుంటాది.
అమరం చూసి బేరమాడమంటాడు."

ఆ పూట నా పాఠం సగం అక్కడే అయిపోయింది.
మిగిలిన సగం గొణుక్కుంటూ చెప్పాను:

బరువైనది బద్ధకంగా బయల్దేరుతుంది,
కానీ అందుకున్న వేగాన్ని పిసినారిలా దాచుకుంటుంది.
తేలికది దుబారా మనిషి, ముందే పరిగెత్తి దారిలో ఖర్చైపోతుంది.
పొట్టి బొంగరం కొద్ది తిప్పుకే నిలబడుతుంది,
పొడుగుదానికి తాడు బిగించాలి,
గొట్టంలో గాడుల మెలిక చాలకపోతే
అడ్డం తిరిగి తగిలి, కాగితంలో
చిల్లు బదులు తాళంచెవి కన్నం పడుతుంది.
నేల వైపు పడడంలో మాత్రం చిన్నా పెద్దా లేదు,
ఎంతసేపు గాలిలో ఉంటే అంత లోతు.
ఇక గాలి.
గాలి తోసేది తూటాని కాదమ్మా,
దాని ఆలస్యాన్ని.

ఈ మాట నాది కాదు, ఎవరో పాత హవల్దారుది.
చెప్పాక నాకే ఎక్కడో తగిలింది.

సాయంత్రం గట్టు తవ్వి సీసం ఏరాలి.
దిగినప్పుడు గింజ, తీసినప్పుడు పువ్వు:
అంచులు విచ్చుకుని, లోపల ఇసుక కరుచుకుని.
తూచి, రాసి, డిపోకి పంపాలి.
నూకరత్నం దోసిట్లో కాసిని పట్టుకుని అడిగింది,
"వలకి గుండ్లు కావాలి మాస్టారూ.
బజార్లో సీసం పిరమైపోయింది."

పిల్లలు వెళ్ళేదాకా పుస్తకం ముందు కూర్చున్నాను.
పదకొండు కిలోల మూడొందలు ఉంది.
పది కిలోల మూడొందలని రాశాను.
చెయ్యి వణకలేదు, అదే ఆశ్చర్యం.

మరుసటి శుక్రవారం జాలరిపేట ఒడ్డున
మైలపల్లి ఎల్లాజీ కొత్త పడవ నీళ్ళలోకి దించాడు.
అమరం దగ్గర చిత్రిక ఆరలేదింకా,
చెక్క వాసనేస్తోంది.
వల అడుగున కొత్త గుండ్లు, సుత్తితో చప్పిడి చేసినవి.
ఏది ఏ తూటానో నాకు తెలుస్తోంది,
చెప్పలేదు.

అల దాటింది. మోటారు అందుకుంది.
డాల్ఫిన్ నోస్ వైపు నుంచి గాలి,
పడవ ముక్కు ఎడమకి, కొంచెం, ఇంకొంచెం.
నా పక్కన ఆ పిల్ల ఒక కన్ను మూసి
పెదాలు కదపకుండా అంది:

"రెండు క్లిక్కులు కుడికి, అయ్యా."